లూవర్ ప్రెస్సు కొనే ముందు గొంతు లోతు కొలవండి

ప్రశ్న: మా నాన్నగారు వాడిన పాత మహీంద్రా సీజే-3బీ జీపును రెండేళ్లుగా ఆదివారాల్లో నేనే బాగుచేసుకుంటున్నాను. పెట్రోలు ఇంజను. ఎండాకాలంలో పావుగంట ఆపి మళ్లీ స్టార్ట్ చేయబోతే మొరాయిస్తుంది. ఘాట్ రోడ్డు ఎక్కితే వేడి ముల్లు పైకి పోతుంది. బానెట్ మీద రెండు వరుసల లూవర్లు (రేకును చీల్చి ఉబ్బించిన గాలి సందులు) కొడితే వేడి తగ్గుతుందని, చూడటానికి కూడా బాగుంటుందని నా ఆశ. ఇద్దరు మిత్రులు తమ జీపులకూ కొట్టిపెట్టమంటున్నారు. ప్రెస్సు కోసం 60 వేల రూపాయలు పక్కన పెట్టాను. ఫ్లై ప్రెస్సు, హైడ్రాలిక్ ప్రెస్సు, పాత పవర్ ప్రెస్సు – మూడూ చూశాను. ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ మూడింటిలో ఏదీ ఇప్పుడే కొనకండి. ముందు టేపు తీసుకుని బానెట్ దగ్గరికి వెళ్లండి. బానెట్ పక్క అంచు నుంచి, మీరు కొట్టదలచిన లూవర్లలో అన్నిటికంటే లోపలగా ఉండేదాని చివర వరకు ఎంత దూరమో కొలిచి కాగితం మీద రాసుకోండి. మీ ఎంపిక అంతా ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉంది.

ప్రెస్సు చట్రాన్ని పక్క నుంచి చూస్తే ఇంగ్లిషు 'సి' అక్షరంలా కనిపిస్తుంది. ఆ 'సి' వెనక భాగం నుంచి పంచ్ (రేకును నొక్కే పై అచ్చు) దిగే చోటి వరకు ఉన్న దూరాన్ని షాపుల్లో త్రోట్ అంటారు. మనం గొంతు అందాం. రేకు ఆ గొంతులోకి ఎంత దూరం పోతుందో అంత లోపలి వరకే లూవర్ పడుతుంది. వంద టన్నుల ప్రెస్సు తెచ్చుకున్నా గొంతు జానెడే అయితే మీ బానెట్ అంచులకు తప్ప మరి దేనికీ పనికిరాదు. ప్రెస్సులు అమ్మేవాళ్లు ముందుగా టన్నులు చెబుతారు. మీరు ముందుగా గొంతు అడగండి.

నిజానికి ఈ పనికి టన్నులు పెద్దగా అక్కర్లేదు. లెక్క చేసి చూపిస్తాను. లూవర్‌లో ఒక పక్క మాత్రమే రేకు తెగుతుంది. మిగతా మూడు పక్కలూ ఉబ్బుతాయి. 75 మిల్లీమీటర్ల పొడవు లూవర్ అనుకుందాం. మామూలు సీఆర్‌సీఏ (చల్లగా చదును చేసి మెత్తబరిచిన ఉక్కు) రేకు తెగడానికి చదరపు మిల్లీమీటరుకు సుమారు 30 కిలోల బలం కావాలి. 20 గేజ్ రేకు, అంటే 0.9 మిల్లీమీటర్ల మందమైతే, 75ను 0.9తోనూ 30తోనూ గుణిస్తే దాదాపు రెండు టన్నులు వస్తుంది. 18 గేజ్, అంటే 1.2 మిల్లీమీటర్ల రేకుకు రెండు టన్నుల ఏడువందల కిలోలు. ఉబ్బించడానికి పట్టే బలాన్ని, రేకును బిగించి పట్టే రబ్బరు మీద పడే బలాన్ని కలుపుకున్నా ఐదు టన్నులు లెక్కలో పెట్టుకుంటే సరిపోతుంది. రంగు, పుట్టీ గోకేసి రేకు మందం మైక్రోమీటరుతో చూసుకోండి. ఊహించవద్దు. పాత జీపు రేకు ఇప్పటి కార్ల రేకుకంటే మందం.

ఇక మీరు చూసిన యంత్రాల సంగతి. ఫ్లై ప్రెస్సు మంచి పనిముట్టు. పైన బరువు గుండ్లున్న కడ్డీని చేత్తో తిప్పితే స్క్రూ దిగి దెబ్బ కొడుతుంది. బీరువాలు, లాకర్లు, కరెంటు ప్యానెల్ పెట్టెలు తయారుచేసే షెడ్లలో లూవర్లు దీనిమీద ఏళ్ల తరబడి కొడుతూనే ఉన్నారు. మీ ఇంట్లో బీరువా ఉంటే తలుపు మీద చూడండి, ఉండే అవకాశం ఎక్కువ. దెబ్బ ఎంత గట్టిగా పడాలో చెయ్యే చెబుతుంది. అయితే మామూలు సైజుల్లో దీని గొంతు చాలా తక్కువ. పెట్టె తలుపుకు సరిపోతుంది, బానెట్‌కు సరిపోదు. బేరింగులు ఎక్కించే రెండు స్తంభాల హైడ్రాలిక్ ప్రెస్సుకు బలం కావలసినంత ఉంది, కానీ ఇబ్బంది ఇంకో రకంగా వస్తుంది. రేకు ముందు నుంచి వెనక్కి ఎంతైనా జరుగుతుంది గాని, వెడల్పు ఆ రెండు స్తంభాల మధ్య పట్టాలి. జీపు బానెట్ పట్టదు.

పాత పవర్ ప్రెస్సు గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. అది ఇంటికి తీసుకురావద్దు. తుక్కు ధరకు దొరుకుతుంది, అందుకే ఆశ పుడుతుంది. ఆ పాత యంత్రాల్లో పెడల్ తొక్కగానే క్లచ్‌లో పిన్ను పడుతుంది. పడిందంటే చక్రం ఒక చుట్టు పూర్తిగా తిరిగి తీరాలి, మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు. పిన్ను అరిగితే ఒకసారి తొక్కినందుకు రెండుసార్లు దిగుతుంది. నేను పనిచేసిన షెడ్డుకు పక్కనే ఉన్న షెడ్డులో ఒక కుర్రవాడు రేకు సర్దబోయి అలాంటి రెండో దెబ్బకు రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఆ రోజు ప్రెస్సు చుట్టూ కంచె లేదు, రెండు చేతులతో నొక్కే బటన్లు లేవు. మీ షెడ్డులోనూ ఉండవు. ఆదివారం సరదాగా చేసుకునే పనికి అంత ప్రమాదాన్ని కొని తెచ్చుకోవద్దని బతిమాలి చెబుతున్నాను.

మరి ఏం కొనాలి? డై కొనండి, అంటే పంచ్, దానికి కింద సరిపోయే అచ్చు. సరిగ్గా చెప్పాలంటే చేయించుకోండి. మీ మూడు జీపులకు, బానెట్‌కు 24 చొప్పున, మొత్తం 72 దెబ్బలు. అన్నీ సర్దుకుని కూర్చుంటే ఒక పూట పని. ఒక పూట పనికి యంత్రాన్ని జీవితాంతం ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు. అమెరికాలో పాత ఫోర్డు కార్లను వేగం కోసం మార్చుకునేవాళ్ల పద్ధతి కూడా ఇదే. 1932 ఫోర్డు బానెట్ పక్క రేకుల మీద ఒక్కో వైపు 25 వరకు లూవర్లు కంపెనీవే ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాలిఫోర్నియా కుర్రవాళ్లు పై రేకులకూ డిక్కీ మూతలకూ కొట్టించుకోవడం మొదలుపెట్టారు. 1949లో యూటా రాష్ట్రంలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో వేగపు వారోత్సవం మొదలయ్యేనాటికి అది వాళ్ల కళకు గుర్తు అయిపోయింది. అక్కడ కూడా లోతు గొంతు ప్రెస్సు ఉన్నవాళ్లు తక్కువ. వాళ్ల దగ్గరికి రేకు తీసుకెళ్లి, లూవర్‌కు ఇంత అని లెక్కకట్టి ఇచ్చి కొట్టించుకుంటారు.

మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి డైకి వెతుక్కోనక్కర్లేదు. 1968లో కేంద్ర ప్రభుత్వం టూల్ డిజైన్ సంస్థను బాలానగర్‌లోనే పెట్టింది. ఆ చుట్టుపక్కల అచ్చులు చేసే చిన్న టూల్ రూములు, కరెంటు తీగతో ఉక్కును కోసే వైర్‌కట్ యంత్రాలు ఉన్న షాపులు ఎన్నో. బొమ్మ గీసుకుని వెళ్లండి. పొడవు 75, ఎత్తు 8 మిల్లీమీటర్లు అంటే మొదటి ప్రయత్నానికి మర్యాదైన కొలత. ఎత్తు పెంచాలనిపిస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ తెగిన అంచు ఎక్కువ సాగాలి, సాగలేక చివరల్లో చిరుగుతుంది. లూవర్ రెండు చివరలూ గుండ్రంగా వాలాలని బొమ్మలోనే రాయండి. పంచ్, డై రెండింటికీ ఓహెచ్ఎన్ఎస్ (నూనెలో గట్టిపరిచే టూల్) ఉక్కు చాలు, గట్టిపరిచి గ్రైండింగ్ చేయించాలి. 72 దెబ్బలకు, ఇంకా ఎక్కువ అరుగుదలకు ఓర్చే డీ2 ఉక్కు అక్కర్లేదు. మీ మిత్రుల మిత్రులు వరుసకట్టినా ఓహెచ్ఎన్ఎస్ నిలబడుతుంది.

డబ్బు పెట్టవలసిన అసలు చోటు ఒకటుంది. పంచ్‌ను, డైని విడివిడిగా చేయించకుండా పంచ్ సూటిగా దిగేలా పట్టే గైడ్ పిల్లర్లు, బుష్‌లు ఉన్న డై సెట్‌లో బిగించి ఇమ్మనండి. తెగే అంచు దగ్గర పంచ్‌కూ డైకీ మధ్య సందు రేకు మందంలో 5 నుంచి 10 శాతం ఉండాలి. మీ రేకుకు అది మహా అయితే మిల్లీమీటరులో సుమారు పదో వంతు. సెకండ్ హ్యాండ్ ప్రెస్సుల్లో ర్యామ్, అంటే పైనుంచి దిగే భాగం, అంతకంటే ఎక్కువ ఊగుతుంది. పిల్లర్లు ఉంటే ప్రెస్సు ఊగినా డై ఊగదు. ప్రెస్సు కేవలం నొక్కుతుంది, కచ్చితత్వం డైలో ఉంటుంది. అందుకే మంచి డై ఉంటే నాసి ప్రెస్సు మీద కూడా మంచి లూవర్ వస్తుంది. నాసి డైని ఎంత గొప్ప ప్రెస్సూ కాపాడదు. అయితే పిల్లర్లు వెనకవైపు ఉంటే అవి కూడా రేకుకు అడ్డు తగులుతాయి. కాబట్టి ఆ డై సెట్‌కూ గొంతు లోతు ఉంటుందని మరచిపోకండి.

ఇంకొకటి, చాలామంది చేయి కాల్చుకున్నాకే తెలుసుకునేది. బానెట్ ఎడమ వైపు వరుస కొట్టారు. కుడి వైపు కోసం బానెట్‌ను తిప్పి అటు అంచు నుంచి గొంతులోకి పెడతారు. ఇప్పుడు లూవర్ నోరు, అంటే తెగిన పక్క, ముందుకు తిరుగుతుంది! ఒక వరుస ముందరి అద్దం వైపు, మరో వరుస రేడియేటర్ వైపు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. అలా కొట్టిన రేకును బాగుచేయలేం. డైని 180 డిగ్రీలు తిప్పి బిగించే వీలుండేలా ముందే చేయించుకోండి. పంచ్, డై కలిపి తిరగాలి.

డబ్బు ఇచ్చేముందు మీ బానెట్ మందం రేకు ముక్క తీసుకెళ్లి పది లూవర్లు అక్కడే కొట్టించి చూడండి. చివరల్లో వెంట్రుకంత చీలిక ఉన్నా ఒప్పుకోవద్దు. వేలితో కాదు, గుడ్డ ముక్కతో అంచు తడమండి. దారం పట్టుకుంటే సందు ఎక్కువైనట్లు. ఇక్కడ డీ గానీ డీడీ గానీ గ్రేడు సీఆర్‌సీఏ రేకు తీసుకోవడం మంచిది, సాగే గుణం ఎక్కువ. మీ పాత బానెట్ రేకు ఏ గ్రేడో ఎవరికీ తెలియదు కాబట్టి, అదే రకం తుక్కు బానెట్ ఒకటి సంపాదించి దానిమీదే కొట్టడం నా సలహా. మీ నాన్నగారి బానెట్‌ను మాత్రం ముట్టుకోకండి. గోడకు తగిలించి ఉంచండి.

డై చేతికి వచ్చాక దాన్ని పట్టుకుని లోతు గొంతు ప్రెస్సు ఉన్న షెడ్డుకు వెళ్లండి. జనరేటర్ పెట్టెలు, బస్సు బాడీలు చేసేచోట ఉంటుంది. విజయవాడ ఆటోనగర్ వైపు బంధువులుంటే అక్కడా అడగవచ్చు. షెడ్డు వాళ్లకు డై పని ఉండదు, మీకు ప్రెస్సు పని ఉండదు, బేరం సులువు. కంప్యూటరు నడిపే సీఎన్‌సీ టరెట్ పంచ్ యంత్రం ఉన్నవాళ్లు తమ దగ్గరే లూవర్ టూల్ ఉందంటారు. అది సమతల రేకుకే. వంపున్న బానెట్ ఆ యంత్రంలోకి పోదు. కానీ అక్కడ ఒక మంచి దారి ఉంది. లూవర్లతో రెండు సమతల పలకలు కొట్టించుకుని, బానెట్‌లో కిటికీలు కోసి, స్క్రూలతో బిగించవచ్చు. సైనిక వాహనం నుంచి పుట్టిన జీపుకు ఆ స్క్రూల వరుస అందంగానే ఉంటుంది. అప్పుడు డై ఖర్చు కూడా లేదు. నచ్చకపోతే పలక మార్చుకోవచ్చు.

ఇంత చెప్పినా సొంత ప్రెస్సు చేసుకోవాలన్న కోరిక మీకు పోదనుకుంటాను. నాకూ పోలేదు. అయితే చేసుకోండి, కానీ వరుసల స్థానం మార్చుకుని చేసుకోండి. ఐ దూలాలను 'సి' ఆకారంలో వెల్డింగ్ చేసి చట్రం కడతారు. ఐదు టన్నులు నొక్కినప్పుడు ఆ 'సి' నోరు తెరుచుకుంటుంది. 'సి' పై, కింది చేతుల మధ్య ఎత్తు 400, గొంతు 600 మిల్లీమీటర్లు పెట్టి 200 మిల్లీమీటర్ల ఐ దూలంతో కడితే, నోరు మూడు మిల్లీమీటర్లకు పైగా తెరుచుకుంటుందని లెక్క తేలుతుంది. మనకు కావలసిన సందు మిల్లీమీటరులో పదో వంతు అని ఇప్పుడే అనుకున్నాం. గొంతు 300కు తగ్గిస్తే అదే దూలంతో తెరుచుకునేది సగం మిల్లీమీటరుకు కాస్త పైన, అంతే. ఎందుకంటే చేయి పొడవు సగమైతే దాని వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గొంతు 600 ఉండి తీరాలంటే 300 మిల్లీమీటర్ల దూలం వేయాలి. గట్టిదనం దాదాపు నాలుగింతలవుతుంది, బరువు మీటరుకు 25 కిలోల నుంచి 45 కిలోల దాకా పోతుంది. అందుకే మొదట కొలవమన్నాను. రెండు వరుసలనూ బానెట్ నడిమి గీత దగ్గర నుంచి పక్క అంచుల వైపు జరపండి. అన్నిటికంటే లోపలి చివర 280 మిల్లీమీటర్ల లోపే ఉంటే, చిన్న చట్రంతో పని అయిపోతుంది. ప్రెస్సుకు తగ్గట్టు లూవర్లను గీయడం తప్పేమీ కాదు.

నొక్కడానికి నిలువు బాటిల్ జాకీని పైనుంచి తలకిందులుగా పెట్టకండి, అది పనిచేయదు. డెంటింగ్ షాపుల్లో వంగిన బాడీలను నెట్టడానికి వాడే, చేతి పంపు విడిగా ఉండే 10 టన్నుల జాకీ సెట్టు కొనండి. గొట్టం చివర సిలిండర్ ఎటు తిప్పినా పనిచేస్తుంది, తర్వాత టింకరింగ్‌కూ వాడుకోవచ్చు. నెమ్మదిగా నొక్కుతుంది కాబట్టి వేలు తీసుకోవడానికి సమయం ఉంటుంది. అయినా పంపు కొట్టే చెయ్యి, రేకు పట్టుకునే చెయ్యి ఒకే మనిషివి కావాలి. పక్కవాడికి పంపు ఇవ్వవద్దు.

బానెట్‌ను బోర్లా వేసి కొట్టండి. పంచ్ పైనుంచి దిగుతుంది, లూవర్ కిందికి, అంటే బయటి వైపుకు ఉబ్బుతుంది. గీతలన్నీ లోపలి వైపే గీసుకోవచ్చు. ఒక చిక్కుంది: బోర్లా వేస్తే బానెట్ పక్కన వంగిన అంచులు పైకి లేచి ఉంటాయి. చట్రం పై చేయి వాటికి తగలకుండా ఎత్తు చూసుకుని కట్టాలి. కింద అతికిన పట్టీలు, రిబ్బులు ఉంటే స్పాట్ వెల్డింగులు డ్రిల్ చేసి ముందే ఊడదీయండి. ఇప్పటి కార్లలో బానెట్ రెండు పొరలుగా ఉంటుంది, వాటికి ఈ పని పెట్టుకోవద్దని మీ మిత్రులకు కూడా చెప్పండి.

ఇక వేడి సంగతి. దీని గురించి మిమ్మల్ని ఆశపెట్టను. 75 పొడవు, 8 ఎత్తు లూవర్లు 24 కలిపితే తెరుచుకునే జాగా 144 చదరపు సెంటీమీటర్లు, అంటే 12 సెంటీమీటర్ల చదరపు కన్నం. రేడియేటర్ ముఖంతో పోల్చండి. ఘాట్ ఎక్కుతున్నప్పుడు ముల్లు పైకి పోతోందంటే ముందు రేడియేటర్ లోపల పూడుకుపోయిందేమో, ఫ్యాన్ బెల్టు జారుతోందేమో, ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడిందేమో చూడండి. ఫ్యాన్ చుట్టూ తొడుగు లేకపోతే వేయించండి. అవి సరిచేయకుండా కొట్టిన లూవర్లు అలంకారమే. కానీ మీ రెండో బాధ, ఆపి మళ్లీ స్టార్ట్ చేయబోతే మొరాయించడం, దానికి లూవర్లు నిజంగా పనిచేస్తాయి. ఆగిన ఇంజను వేడికి కార్బురేటర్లో, గొట్టాల్లో పెట్రోలు ఆవిరై అడ్డుపడుతుంది. వేడి గాలి పైకి పోవడానికి దారి ఉంటే ఆ వేడి బానెట్ కింద నిలవదు. మన మే నెల ఎండలో ఆ తేడా మీకే తెలుస్తుంది.

ఎక్కడ కొట్టాలన్నది కూడా ముఖ్యమే. అద్దం మొదట్లో, బానెట్ వెనక అంచు దగ్గర కొట్టవద్దు. జీపు అద్దం గోడలా నిలబడి ఉంటుంది. నడుస్తున్నప్పుడు గాలి దానికి కొట్టుకుని ఆ మొదట్లో పోగుపడుతుంది. అక్కడి లూవర్ల నుంచి గాలి బయటికి రావడానికి బదులు లోపలికి దూరుతుంది. వేడి తగ్గాలని బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి పైకి లేపేవాళ్లను చూస్తుంటాం, బండి కదిలాక అది ఎదురు పని చేస్తుంది. లూవర్లు ముందు సగంలో, రేడియేటర్‌కూ ఫ్యాన్‌కూ కొంచెం వెనకగా ఉండాలి, నోరు అద్దం వైపు తిరగాలి. అనుమానముంటే కొట్టేముందే పరీక్షించవచ్చు. మేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శక గొట్టంలో రంగు నీళ్లు పోసి, యూ ఆకారంలో మీ పక్క సీటు ముందు కట్టండి. ఒక కొసను బానెట్ కింద, మరో కొసను బానెట్ పైన మీరు అనుకున్న చోట, గాలికి అడ్డంగా టేపుతో అతికించండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి మొత్తం 17 మిల్లీమీటర్ల నీళ్లకు సమానం. కాబట్టి మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా కనిపించినా లెక్కలోకి వస్తుంది. పై కొస వైపు నీళ్లు పైకి లేస్తే ఆ చోటు గాలిని బయటికి లాగుతోందని అర్థం. అక్కడ కొట్టండి. బండి మీ మిత్రుడు నడపాలి, గొట్టం మీరు చూడాలి.

ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు సరిగ్గా పైన లూవర్ పడకుండా చూసుకోండి. ఆగి ఉన్న బండి మీద మన శ్రావణం వాన నిలువుగా కురుస్తుంది. తప్పనిసరైతే కింద చిన్న అల్యూమినియం పళ్లెం వేలాడదీసి నీళ్లు పక్కకు పోయేలా చేయండి. తెగిన అంచు లోపలి వైపు తుప్పుకు మొదటి ఇల్లు అవుతుంది. పెయింటు గన్ అక్కడికి అందదు, సన్న కుంచెతో ఎపాక్సీ ప్రైమర్ ఒక్కో లూవర్‌కూ చేత్తో వేయండి.

కొట్టే రోజున నడిమి గీతను ముందు గీసి, దాని నుంచే రెండు వరుసలకూ కొలతలు తీసుకోండి. అంచుల నుంచి తీసుకోవద్దు, పాత జీపు అంచులు సమానంగా ఉండవు. లూవర్‌కూ లూవర్‌కూ మధ్య దూరం కోసం డై పక్కన ఒక ఆపు పిన్ను పెట్టించుకుంటే, ముందు కొట్టిన లూవర్ దానికి ఆనుకుని తర్వాతిది తనంతట తానే సరైన చోట పడుతుంది. వరుసలో నడిమి లూవర్‌తో మొదలుపెట్టి అటూ ఇటూ పోతూ కొట్టండి. రేకు సాగి వంపు తిరిగినా రెండు వైపులా సమానంగా తిరుగుతుంది, చెక్క సుత్తితో సరిచేయగలరు.